నడుం కాదు

కూర్చోవడం కూడా ఒక పనేనా అంటారు మీరు. ఆ బస్సు డ్రైవర్ని అడగండి, చెబుతాడు. ఇరవై ఆరేళ్లు కూర్చునే బతికిన మనిషి, మూడు నెలలుగా ఆ ఒక్క పని చేతకాక చస్తున్నాడు. కుడి పిర్ర మీద రెండు స్టాపులు, ఎడమ పిర్ర మీద రెండు స్టాపులు. చూసి చూసి తోటి డ్రైవర్లు "ఒరుగు" అని పేరు పెట్టేశారు. అన్నం నిలబడే తింటాడు. ఇంట్లో టీవీ కూడా గోడకి జేరబడి నిలబడే చూస్తాడు. అన్నిటికన్నా నరకం ట్రిప్పు అయ్యాక సీట్లోంచి లేవడం. అప్పుడు కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఎక్కడయ్యా నొప్పి అంటే మాత్రం ఒకటే జవాబు: "నడుం."

నడుమూ కాదు, దాని మొహమూ కాదు. వెన్నుపూస కిందికంటా వచ్చి ఆగిపోతుందే, రెండు పిర్రల మధ్య, అక్కడ. కానీ కూతురి వయసున్న డాక్టరమ్మ ముందు ఆ మాట అనడానికి నోరు పెగిలితేగా! అందుకని వైద్యమంతా నడుముకే జరిగింది. నడుముకి బెల్టు, నడుముకి పూత మందు, నడుముకి ఎక్స్‌రే.

"మీ నడుం నిక్షేపంగా ఉంది బాబాయ్" అంది డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూస్తూ. ఉండక ఏం చేస్తుంది, దాని మానాన అదుంది పాపం!

ఆ డిపోలో ఇది కొత్త సంగతేం కాదు. సగం మంది చొక్కాల కింద బెల్టులే. గేటు దగ్గర పెద్దాయన కూడా ఒకప్పుడు డ్రైవరే. ఎనిమిదేళ్ల కిందట "నడుం నొప్పి" అని చెప్పే సీటు దిగిపోయాడు. అప్పట్నుంచీ బస్సొస్తే గేటు తియ్యడం, వెళ్తే వెయ్యడం. ఆయన గదిలో ఒక కుర్చీ ఉంది గానీ, దాని మీద ఎప్పుడూ గొడుగూ చొక్కా తప్ప మనిషి కూర్చోగా చూసినవాళ్లు లేరు.

ఒకరోజు ఒరుగు పిర్ర మార్చుకునేలోపు బ్రేకు మీద కాలు ఒక్క క్షణం ఆలస్యంగా పడింది. ఎవరికీ ఏం కాలేదు, ముందున్న కారు అద్దం పగిలిందంతే. డిపో మేనేజరు పిలిచి, "సోమవారానికి డాక్టరు చీటీ తీసుకురా. అసలు జబ్బేంటో, ఎన్నాళ్లకి తగ్గుతుందో రాసుండాలి. లేదా సీటు దిగి, గేటు దగ్గర పెద్దాయనకి తోడుగా నిలబడు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఇరవై ఆరేళ్ల సీటు! స్టీరింగ్ తప్ప ఇంకేం తెలీదు ఆయనకి.

"నొప్పి నడుములోనే అయితే నడుం పట్టుకోవాలి కదండీ. మీరు లేచినప్పుడల్లా చెయ్యి వెనక్కి, కిందికి పోతుందేం?" అందావిడ. ఆయన నేల చూపులు చూశాడు. ఆవిడకి విషయం అర్థమైంది, ఒళ్లు మండింది. "హవ్వ! సిగ్గుపడి మూడు నెలలు చచ్చారా? పదండి, నేనొస్తా."

మర్నాడు డాక్టరమ్మ గదిలో అడుగుపెడుతూనే భార్య అనేసింది. "నడుం కాదమ్మా. ముడ్డి. కూర్చునే చోటు."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఎప్పుడైనా పడ్డారా?" అంది.

పడ్డాడు. మూడు నెలల కిందట, బస్సు కడిగిన రోజు తడి మెట్టు మీద జారి, మెట్టు అంచు మీదే కూలబడ్డాడు. అందరూ నవ్వారు. వాళ్లతో పాటు తనూ నవ్వేసి లేచాడు.

డాక్టరమ్మ బోర్లా పడుకోబెట్టి, వేలితో ఒక్క చోట నొక్కింది. డ్రైవర్ కెవ్వుమన్నాడు.

"తోకెముక బాబాయ్" అంది చేతులు కడుక్కుంటూ. "పడితే వస్తుంది, గంటలకొద్దీ గట్టి సీటు మీద కూర్చున్నా వస్తుంది. పిర్ర లోపలి కండరం బిగిసి నరాన్ని నొక్కినా నొప్పే, కానీ అది కాల్లోకి దిగుతుంది. మీకు దిగడం లేదుగా? జ్వరం, వాపు లేవుగా? అయితే భయం లేదు. వెనక వైపు కోసేసి ఉన్న దిండు వేసుకోండి, ఎముక గాల్లో ఉండాలి. కాస్త ముందుకి వంగి కూర్చోండి. వేడి కాపడం, నేను చూపించే కసరత్తులు. విరేచనం బిగుసుకోకుండా నీళ్లు బాగా తాగండి. తగ్గకపోతే ఇంజక్షను ఉంది. ఆరు వారాలు మాత్రం బస్సు ఎక్కకూడదు."

ఆరు వారాలు. మొదటి రోజే నోరు విప్పి ఉంటే ఈపాటికి అయిపోయేవి. ఆయనకి ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

సోమవారం మేనేజరు చీటీ చదివి, "తోకెముకంటే ఎక్కడయ్యా?" అన్నాడు. గదిలో నలుగురు డ్రైవర్లున్నారు.

"ముడ్డి దగ్గర సార్" అన్నాడు ఒరుగు. గది గొల్లుమంది. నవ్వుకోండి అనుకున్నాడాయన, ఇక దాచే ఓపిక లేదు. మేనేజరు కూడా నవ్వాపుకుంటూనే సంతకం పెట్టాడు. "ఆరు వారాలేగా. నీ సీటు ఎక్కడికీ పోదు, తగ్గించుకుని రా."

ప్రాణం లేచొచ్చింది. దిండు చంకలో పెట్టుకుని గేటు దాకా వచ్చేసరికి, గేటు తియ్యకుండా అడ్డంగా నిలబడి ఉన్నాడు పెద్దాయన. లోపలి నవ్వులు అక్కడిదాకా వినపడినట్టున్నాయి.

"తమ్ముడూ" అన్నాడు గొంతు తగ్గించి. "నీది... నడుం కాదా?"

"కాదన్నా."

పెద్దాయన ఒరుగు చంకలోని దిండు వంక చూశాడు. వెనక వైపు కోసేసిన చోట వేలు పెట్టి చూశాడు. తర్వాత గదిలోకి తిరిగి, గొడుగూ చొక్కా మోస్తున్న ఆ కుర్చీని చాలాసేపు చూశాడు.

"ఆ డాక్టరమ్మ" అన్నాడు, "ఎనిమిదేళ్లదైనా చూస్తుందంటావా?"