నాగుల్ మీరా హాజరు

ఓటీపీ అనేది అవసరం లేనప్పుడు బుద్ధిగా వస్తుంది. అన్నం తింటుంటే వస్తుంది, చర్చిలో కళ్ళు మూసుకుంటే వస్తుంది. కోళ్ళ లారీ గేటు ముందు ఆగిపోయి, ఎండకి కోళ్ళు నోళ్ళు తెరిచి, డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నప్పుడు మాత్రం రాదు. అది వస్తేగానీ లారీ వచ్చినట్టు యాప్ ఒప్పుకోదు. యాప్ ఒప్పుకోకపోతే ఎదురుగా ఉన్న లారీ లేనట్టే. అందుకని కృపారావు జనరేటర్ షెడ్డు పక్కన, సిగ్నల్ దొరికే ఒక్క జానెడు జాగాలో, ఫోన్ని నెత్తిమీదికి ఎత్తి నిలబడ్డాడు. నలభై ఆరేళ్ళ మనిషి, ఎం.కాం. చదివినవాడు, కోళ్ళ కంపెనీలో సూపర్‌వైజరు.

ఓటీపీ రాలేదు. వాచ్‌మన్ వచ్చాడు.

"సార్, గేటు దగ్గర ఎవరో ఆవిడ. నాగుల్ మీరాని పిలవమంటోంది."

కృపారావు చెయ్యి కిందికి దిగిపోయింది. నాగుల్ మీరా పోయి నెల దాటింది.

కీసర దగ్గర హైవే పక్కనున్న ఆ కంపెనీలో కోళ్ళని కోసి, శుభ్రం చేసి, ప్యాకెట్లలో పెట్టి విజయవాడకీ గల్ఫ్‌కీ పంపుతారు. ప్రతి ప్యాకెట్ మీదా చిన్న చదరపు కోడ్ ఉంటుంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే కోడి ఏ ఫారంలో పెరిగింది, ఏ లారీలో వచ్చింది, హలాల్ పద్ధతిలో ఎవరు కోశారు అన్నీ ఫోటోతో సహా వస్తాయి. నందిగామలో కృపారావు ఉండే అపార్ట్‌మెంట్లో అది చాలా నచ్చింది. "తినేదాని పుట్టుపూర్వోత్తరాలు తెలియాలండీ" అంటారు అందరూ. రోజూ వాళ్ళ అంట్లు తోమే మనిషి పేరు మాత్రం ఆరేళ్ళనుంచీ 'పనమ్మాయే'.

కోసేవాడి ఫోటోలో ఉన్నది నాగుల్ మీరా. జగ్గయ్యపేట మనిషి. ప్రతి కోడికీ విడిగా దేవుడి పేరు పలికి కత్తి పెట్టేవాడు. మధ్యలో దగ్గు వచ్చి మాట తెగిందా, ఆ కోడిని పక్కన పెట్టేసేవాడు. "ఇది నా పేరు మీద వెయ్యొద్దు సార్" అనేవాడు. మేనేజరు ఉమాకాంతం తలపట్టుకునేవాడు. ఉమాకాంతం ఇంట్లో గుడ్డు కూడా వండరు. అయినా వేల కోళ్ళ నాణ్యతకి ఆయనే పూచీ.

పండగ ఆర్డర్లని చెప్పి వారం పాటు డబల్ డ్యూటీలు వేశారు. ఆఖరి రోజు నాగుల్ మీరా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. జగ్గయ్యపేట స్టాండులో అందరూ దిగారు, ఆయన దిగలేదు. పాపం అలిసిపోయాడని కండక్టరు కాసేపు లేపలేదు కూడా.

ఆఫీసువాళ్ళు బాధపడ్డారు. తలా కొంత వేసుకుని పెద్ద ఫోటో కట్టించి, గంధపు దండ వేసి, ఇంటికి పట్టుకెళ్ళారు. తెర వెనకనుంచి ఆయన భార్య జాన్‌బీ మెల్లగా చెప్పింది. "మా ఇళ్ళల్లో ఫోటో పెట్టం, దండ వెయ్యం అన్నయ్యా. మీరు అభిమానంతో తెచ్చారు, అది చాలు. తీసుకెళ్ళండి." ఇన్నాళ్ళూ హలాల్ మీద మీటింగులు పెట్టుకున్న ఆఫీసులో ఒక్కడికీ ఆ సంగతి తట్టలేదు. ఫోటో వెనక్కి తెచ్చి కోత గది గోడకి ఆనించారు.

మర్నాడు పొద్దున ఆ గదిలోనే ఉన్న హాజరు మిషన్ ఆన్ చేశారు. అది మొహం చూసి మనిషిని గుర్తుపట్టే మిషన్. ఎదురుగా ఫోటో ఉంది. కుయ్‌మని పచ్చలైటు వెలిగింది. 'నాగుల్ మీరా. హాజరు.'

"దేవుడే దారి చూపించాడయ్యా!" అన్నాడు ఉమాకాంతం. ఇంకో మనిషిని పెట్టాలంటే హలాల్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఒప్పుకోవాలి, ఆ ఫైలు హైదరాబాద్‌లో ఉంది, ఆర్డర్లేమో ఆగవు.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే కృపారావు ఆ ఫోటోని రెండు చేతులతో మిషన్ ముందు పట్టుకుంటున్నాడు. దండ ఉంటే మిషన్ గుర్తుపట్టదు. అందుకని దండ తీసి మేకుకి తగిలించి, పనయ్యాక మళ్ళీ వేస్తాడు, మర్యాద ప్రకారం. తర్వాత, కోసింది ఆయనేనని, 'సాక్షి' అన్నచోట తన వేలు పెడతాడు. కోళ్ళని మాత్రం ఆరోజు ఎవడు ఖాళీగా ఉంటే వాడు కోస్తున్నాడు, మాటా పలుకూ లేకుండా.

గేటు బయట నల్ల బురఖాలో జాన్‌బీ నిలబడి ఉంది. చేతిలో చికెన్ ప్యాకెట్ కరిగి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"సలాం అన్నయ్యా. మా ఆయన్ని ఒక్కసారి పిలుస్తారా?"

"జాన్‌బీ, ఇదేంటమ్మా! ఇద్దత్‌లో ఉండి బయటికొచ్చావేంటి?" మొగుడు పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదని ఫోటో గొడవ తర్వాతే కృపారావు తెలుసుకున్నాడు.

"రాకూడదు. మా అత్త తిట్టిపోసింది. పేటలో అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. ఆయన రోజూ డ్యూటీకొస్తుంటే నాకు ఇద్దత్ దేనికన్నయ్యా?"

కృపారావు వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ ఆకాశం వైపు చూశాడు.

"మా తమ్ముడు బెజవాడ సూపర్‌మార్కెట్లో చేస్తాడు. ఈ ప్యాకెట్ వాడే తెచ్చాడు. మొన్న పొద్దున బావే కోశాడంటక్కా అని ఫోన్లో చూపించి ఒకటే ఏడుపు. నవ్వుతా ఉన్నాడు మా ఆయన."

కృపారావు పక్కకెళ్ళి ఉమాకాంతానికి ఫోన్ చేశాడు. ఉమాకాంతం తొణకలేదు. "సింపుల్ అయ్యా. మనిషి ఉన్నట్టే నెలనెలా జీతం ఇస్తామను. ఈ కాలంలో ఎవరిస్తారు? నువ్వు చెప్తే వింటుంది, వెళ్ళు."

కృపారావు వచ్చి చెప్పాడు. చెప్తుంటే జాన్‌బీ చేతులు కనపడ్డాయి. మిరపకాయల బస్తాలు ఇంటికి తెప్పించుకుని తొడిమలు తీస్తోందని విన్నాడు. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"పద్దెనిమిది వేలమ్మా. ఊరికే కాదు, హక్కే అనుకో. పిల్ల ఇంటర్‌కి పనికొస్తాయి."

"దగ్గొస్తే ఒక్క కోడిని కూడా తన పేరు మీద వేసుకోలేదన్నయ్యా ఆయన. ఇప్పుడు లారీలకి లారీలు వేస్తున్నారు. నాది కాదని చెప్పుకోడానికి ఆయనకి నోరేదీ? నాకు డబ్బులొద్దు. ఆయన పేరు తీసెయ్యండి."

"తీస్తే లైను ఆగిపోతుందమ్మా."

"ఆయన పోయినరోజు ఆగిందా?"

ఆగలేదు. ఆరోజు కృపారావే దగ్గరుండి నడిపించాడు.

"కింద మీ పేరు కూడా ఉందంట, సాక్షి అని," అంది జాన్‌బీ. గొంతులో కోపం లేదు, అదే వచ్చిన చిక్కు. "మీరు చూశారా అన్నయ్యా?"

కృపారావు చర్చిలో పెద్ద. పది ఆజ్ఞలూ చదివించే పని ఆయనదే. అబద్ధ సాక్ష్యం పలకకూడదు అన్నచోట ఆయన గొంతు ఖంగుమంటుందని సంఘంలో మంచి పేరు. ఇప్పుడు ఆయన రోజూ వేలు పెట్టే చేతిని జేబులోకి తోసుకున్నాడు.

జాన్‌బీ ప్యాకెట్‌ని గేటు దిమ్మ మీద పెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది.

"లేమ్మా, ఎండ."

"రేపు పొద్దున ఆయన్ని నిలబెడతారుగా. నా కళ్ళ ముందు నిలబెట్టండి. అప్పుడు లేస్తా."

అయ్యా, అమ్మా, చదివినవాళ్ళు ఎవరైనా ఒక్క మాట చెప్పండి. పేరు తీసేస్తే కృపారావు ఉద్యోగం ఈ పూటే పోతుంది, ఫ్లాటు వాయిదా ఇంకా పదకొండేళ్ళుంది. తియ్యకపోతే తెల్లారి ఆ ఫోటోని ఆమె ఎదురుగానే పైకెత్తాలి. ఉమాకాంతాన్ని అడిగితే మూడోది చెప్తాడు, పోలీసులకి ఫోన్ చెయ్యమని. నాలుగోది ఏదైనా ఉంటే, మీకు పుణ్యముంటుంది, చెప్పండి. కాస్త తొందరగా చెప్పండి. ఆవిడ తెచ్చుకున్న మంచినీళ్ళ సీసా అయిపోయింది, లోపలి నీళ్ళు ఇస్తే తాగనంటోంది.