నా కాళ్ళతో నడిచిన బావ

గోడౌన్లో మా ఇద్దరి అసలు పేర్లు ఎప్పుడో మాసిపోయాయి. నన్ను చక్రం అంటారు, అతన్ని కుర్చీ అనేవారు. ఫ్యాన్లకూ నీళ్ళ మోటార్లకూ విడిభాగాలు అమ్మే గోడౌన్ అది. చీటీ రాగానే బేరింగులు ఏ అరలో ఉన్నాయో, కెపాసిటర్లు ఏ మూల నక్కాయో వెతికి తెచ్చేది నేను. తెచ్చినదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి లారీలకు పంపేది అతను. నేను కూర్చుంటే పని ఆగుతుంది, అతను లేస్తే పని ఆగుతుంది. అందుకని పన్నెండేళ్ళు నేను కూర్చోలేదు, అతను లేవలేదు.

నిజానికి మేం చుట్టాలం కాం. అతని పెళ్ళైన కొత్తలో ఒక మధ్యాహ్నం అతని క్యారియర్లో చెయ్యి పెట్టాను. చెయ్యి పెట్టినవాణ్ణి ఊరుకోక వాళ్ళావిడకు ఫోన్ చేసి వంట బాగుందని నోరు కూడా పెట్టాను. "థాంక్స్ అన్నయ్యా" అందామె. ఆమెకు అన్నయ్యనైతే అతనికి బావనే కదా. మర్నాటి నుంచి క్యారియర్లో ఒక గిన్నె పెరిగింది, నాకొక కుటుంబం పెరిగింది.

మా ఇంకో బ్రాంచిలో ఒక గుమాస్తా పని చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాక, మేనేజరుకు మా అందరి గుండెల మీదా బెంగ పట్టుకుంది. చేతికి కట్టుకుంటే అడుగులు లెక్కపెట్టే పట్టీలు తలా ఒకటి పంచాడు. రోజుకు ఎనిమిది వేల అడుగులు వేయాలట. ఉప్పు తగ్గించాలట, రాత్రి ఏడు గంటలు పడుకోవాలట, గంటకోసారి కుర్చీలోంచి లేవాలట.

"గంటకోసారి లేస్తే నన్ను గంట కొట్టే పనిలో వేస్తారు" అన్నాడు బావ.

"అడుగు వెయ్యవయ్యా అంటే అడ్డం మాట్లాడతావేంటి?"

"అడుగు సంగతి అడగాల్సింది నిన్నే బావా" అంటూ పట్టీ విప్పి నా ఎడమ చేతికి కట్టేశాడు. "నీకు రెండు కాళ్ళున్నాయి. మనిద్దరికీ అవి చాలు."

ఆ పట్టీ చూపించే లెక్క సాయంత్రం ఇంటికి వెళ్ళగానే వాళ్ళావిడ ఫోనులోకి ఎక్కుతుంది. ఎనిమిది వేలు దాటితే ఆమె ఇక అతన్ని వీధిలోకి తరమదు. "రోజంతా కూర్చుని అలిసిపోయానంటే ఎవరు నమ్ముతారు బావా? ఇప్పుడైతే హాయిగా కాళ్ళు చాపుకోనిస్తోంది" అనేవాడు.

అలా పొద్దున నా చేతికి, సాయంత్రం అతని చేతికి. నా సొంత పట్టీ కుడి చేతికుండేది. "పెళ్ళాలకు పట్టీలు కొనే మొగుళ్ళను చూశారు, బావ కోసం పట్టీ తొడుక్కున్న బావను ఇక్కడే చూడండి" అని నేనే గోడౌనంతా నవ్వించాను. నవ్వుతూ నవ్వుతూ ఐదు నెలలు గడిపేశాం.

ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి బావ కీబోర్డు మీదికి ఒరిగిపోయాడు. నేను బేరింగుల డబ్బా మోసుకుంటూ వచ్చేసరికి తెర మీద ఒకే అక్షరం వరసకట్టి పోతూనే ఉంది.

అతను పోయాక మూడో ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెమ్మ తలుపు తీసింది. వాళ్ళ పాప కింద స్నేహితురాళ్ళతో ఆడుకుంటోందట. వంటింటి గట్టు మీద ఏదో ఉడుకుతోంది. నన్ను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి."

పట్టీ సంగతి బయటపడిందనుకున్నాను. గ్లాసు కింద పెట్టేశాను.

"నా వంటలో ఉప్పు ఎక్కువుండేదా?"

"అదేం మాటమ్మా?"

"మీరూ ఆ గిన్నెల్లోనే తిన్నారు. నేను బాధపడతానని దాచకండి. తగ్గించమని డాక్టరు చెప్పారు. తగ్గించాననే అనుకున్నాను. కానీ చేత్తో వేసేదాన్ని, ఏనాడూ కొలవలేదు." ఫోను తీసి నా ముందు పెట్టింది. ఎనిమిది వేల నాలుగు వందలు, తొమ్మిది వేలు, ఎనిమిది వేల ఆరు వందలు. "చూడండి, ఆదివారాలు తప్ప ఒక్కరోజు మానలేదాయన. చెయ్యాల్సింది ఆయన చేశారు. మరి తప్పెక్కడ జరిగినట్టు? నా చేతిలోనేగా?"

"నీ చేతిలో ఏ తప్పూ లేదు. ఉప్పు సరిగ్గానే ఉండేది."

"మీరలాగే అంటారు." ఆమె పొయ్యి వైపు చూసింది. "ఇంట్లో ఉన్న ఉప్పంతా పారబోశాను. మీ కోడలు ముద్ద ముద్దకీ నీళ్ళు తాగి మింగుతోంది. అలవాటవుతుందిలే అంటున్నాను."

అప్పటికీ ఇంకో నాలుగు మంచి మాటలు చెబితే, నాలుగు రోజులు పోతే, ఆమే మర్చిపోతుందని లెక్క వేసుకుంటున్నాను. మాటలతో మాయ చెయ్యడం నాకు అలవాటే.

"డాక్టరు కూడా ఈ అడుగులు చూసి మెచ్చుకున్నారు తెలుసా?" అంది.

"ఎప్పుడు?"

"పోవడానికి ఎనిమిది రోజుల ముందు. భుజం లాగుతోంది, ఛాతీ బరువుగా ఉంది అంటే నేనే లాక్కెళ్ళాను. మీతో చెప్పలేదా?"

ఆ పూట పన్ను పీకించుకోవాలని సెలవు పెట్టాడు. పన్ను కట్టనివాడికి పన్ను ఉండదులే అని నేను వెనక నుంచి కేకేశాను కూడా.

"నడిస్తే ఆయాసం వస్తోందా అని అడిగారు డాక్టరు. ఈయన నోరు తెరిచేలోపే నేను ఫోను చూపించాను. రోజుకు ఎనిమిది వేలు నడుస్తారండీ, ఆయాసమెక్కడిది అన్నాను. ఇంత నడవగలుగుతుంటే మరీ కంగారు లేదు, వచ్చే నెల పరీక్షలు చేద్దాం, ఈలోగా ఉప్పు తగ్గించండి అన్నారు. అందుకే అంటున్నాను అన్నయ్యా, ఇక మిగిలింది ఉప్పే."

నాకు పన్నెండేళ్ళలో మొదటిసారి ఒక్క చమత్కారమూ తట్టలేదు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఈమె బతికినన్నాళ్ళూ చప్పిడి తిండి తింటుంది, పిల్లకూ అదే పెడుతుంది. చెబితే, డాక్టరు ముందు ఆ ఫోను పెట్టిన చెయ్యి తనదేనని తెలుసుకుంటుంది. రెంటిలో ఏది తక్కువ దెబ్బో నాకు తేలలేదు. ఎటూ తేలకుండానే నోరు తెరిచాను.

"ఆ అడుగులు నావమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. "మీరూ ఆయనతో నడిచేవారా?"

"ఆయన నడవలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టీ నా చేతికుండేది. ఐదు నెలలూ."

చెల్లెమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. వేలితో ఒక్కొక్క రోజూ వెనక్కి జరిపింది, మళ్ళీ ముందుకు జరిపింది.

"మంగళవారం కూడానా?"

"మంగళవారం కూడా."

"ఆస్పత్రిలో ఆయన చేతికే ఉంది. నేనే విప్పి తెచ్చుకున్నాను."

"నువ్వొచ్చేలోపు నేను తీసి ఆయనకు కట్టాను."

"ఎందుకు?"

"నా చేతికుంటే నువ్వు చూస్తావని."

"అప్పటికి ఆయన ఉన్నారా?"

"లేరు."

గిన్నె మీద మూత ఎగిరెగిరి పడుతోంది. ఆమె వెళ్ళి మంట తగ్గించింది. అక్కడే అటు తిరిగి నిలబడి అడిగింది.

"మెట్లెక్కేటప్పుడు ఆయాసపడేవారా?"

"గోడౌన్లో భోజనాల గది పైనుంది. మెట్లు మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగేవాడు. కమ్మీ పట్టుకుని, బావా ఒక జోకు చెప్పు అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. పూర్తయ్యాక ఎక్కేవాళ్ళం." చెబుతూ ఉండగానే నా మాట నాకే వినిపించింది. నా జోకుల కోసం ఆగుతున్నాడని ఎంత మురిసిపోయాను. ఈ మధ్య పెద్ద జోకులు అడిగేవాడు.

"ఇక్కడ స్నానం చేసి వచ్చి, గుమ్మం పట్టుకుని పాట పాడేవారు" అందామె. "మాట మాటకీ ఆగేవారు. పాట మర్చిపోయారనుకుని తర్వాతి మాట నేను అందించేదాన్ని."

పొయ్యి ఆపి ఇటు తిరిగింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"డాక్టరు దగ్గర ఆయన నా పక్కనే కూర్చున్నారు. అది అబద్ధమే అని ఒక్క మాట అనలేదు. మీరేమో ఇవాళొచ్చి చెబుతున్నారు."

"తప్పేనమ్మా."

"చెప్పకుండా ఉండాల్సింది. ఉప్పే తప్పనుకుని నేను బతికేసేదాన్ని."

అన్నయ్యా అనలేదు. మాట చివర ఆ మూడక్షరాల చోటు అలా ఖాళీగా ఉండిపోయింది.

మెట్ల మీద పరుగు వినిపించింది. "అది వస్తోంది" అంది గొంతు తగ్గించి. "దానికి మాత్రం తెలియకూడదు. మా నాన్న అందరికంటే ఎక్కువ నడుస్తాడని బళ్ళో అందరికీ చెప్పుకుంది. ఆ మాత్రం మిగలనివ్వండి."

పాప చెమట తుడుచుకుంటూ వచ్చింది. పదేళ్ళది. మూడంతస్తులు ఒక్క ఊపున ఎక్కినా రొప్పడం లేదు. "మావయ్యా, ఎప్పుడొచ్చావు?" అని నా పక్కన కూలబడింది. తల్లి చేతిలో ఫోను చూసింది. నాన్న అడుగులు చూస్తున్నామని తనకు తానే అనుకుంది కాబోలు.

"నాన్న నీతోనే నడిచేవాడా మావయ్యా?"

చెల్లెమ్మ నా వైపు చూసింది. పన్నెండేళ్ళలో నా వైపు ఆమె అలా చూడలేదు.

"నాతోనే" అన్నాను.

"ఎవరు ముందుండేవారు?"

"వాడే. నేనే వెనకబడేవాణ్ణి. ఆగు బావా, ఆగు బావా అని అరిచేవాణ్ణి."

పాప నవ్వింది. బళ్ళో చెప్పడానికి దానికి ఇంకో కబురు దొరికింది.

"పక్కింటికెళ్ళి కాస్త ఉప్పడిగి పట్రా" అంది తల్లి. పాప నమ్మలేనట్టు ఒకసారి ఆమె ముఖంలోకి చూసి, గిన్నె అందుకుని పరుగెత్తింది.

చెల్లెమ్మ అలమారలోంచి కంచాలు తీసింది. రెండు తీసింది. వాటిని తుడిచి బల్ల మీద ఎదురెదురుగా పెట్టి, నీళ్ళ గ్లాసులు కూడా రెండే పెట్టింది.

నేను లేచి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాను.