హద్దులేని ప్యాకేజీ

భార్య రమాదేవి ఐదో మాసికం నాడు నాగేంద్రప్రసాద్ ఇంట్లో ఇంటర్నెట్ వేగం పోయింది.

పురోహితుడు రాజంపేటలో తన ఇంటి వసారాలో కూర్చుని ఫోన్లో మంత్రం చెబుతున్నాడు. ఇక్కడ అరబ్బు దేశంలోని అబూ హలీఫాలో, మూడో అంతస్తు వంటింట్లో, దక్షిణం ఎటో ఆ ఫోన్‌నే అడిగి తెలుసుకుని, నాగేంద్రప్రసాద్ పీట మీద కూర్చున్నాడు. అరచేతిలో నువ్వులు, నీళ్లు. "గోత్రం చెప్పి..." అన్నంతవరకు వినిపించింది. ఆపైన పురోహితుడు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆయన ముఖం మీద ఒక చిన్న చక్రం తిరగసాగింది.

నాగేంద్రప్రసాద్ లెక్కల మాస్టారు. ఎదుటివాడు నోరు తెరిచి ఆగిపోతే జవాబు వచ్చేదాకా ఓపిగ్గా చూడడం ఆయనకు వృత్తిలో అబ్బిన గుణం. అలాగే చూశాడు. ఈలోగా నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయి నువ్వులు మాత్రం మిగిలాయి.

లేచి తలుపు తీశాడు. శుక్రవారం కాబట్టి మెట్ల మీద ఎప్పటిలాగే జనం ఉన్నారు. భార్య పోయిన దగ్గరనుంచి ప్రతి శుక్రవారమూ పొద్దెక్కేసరికి వాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. ఇళ్లలో పనిచేసే రాయచోటి ఆడవాళ్లు, కబ్ద్ తోటల్లో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ మగవాళ్లు. సెలవు దొరికేది ఆ ఒక్క రోజే. ఆ రోజు కూడా తన దుఃఖంలో పాలుపంచుకోవడానికి వస్తున్నారంటే, మనుషుల్లో మంచితనం ఇంకా మిగిలే ఉందని ఆయనకు రూఢి అయింది. తలలు వంచుకుని కూర్చునేవారు. ఆయన తలుపు తీస్తే మాటలు ఆపేసేవారు. ఆయనే అందరికీ తలా అరగ్లాసు టీ ఇచ్చి, బతుకు అశాశ్వతమని నాలుగు ముక్కలు చెప్పేవాడు. ఎవరూ తల ఎత్తేవారు కారు. కొమురెల్లి అనే తోటపనివాడైతే ఒకసారి ఆయన మాటలకు కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఆ పూట నాగేంద్రప్రసాద్ ఇంకో పావుగంట పొడిగించాడు.

ఈరోజు మాత్రం తలుపు తీయగానే అందరి తలలూ ఒక్కసారిగా పైకి లేచాయి.

"ఏమాయె సారూ?" అన్నాడు కొమురెల్లి కంగారుగా.

"మధ్యలో ఆగిపోయింది" అన్నాడు నాగేంద్రప్రసాద్.

"అయ్యో!" అన్నారు అందరూ. ఆ అయ్యోలో ఎంత నిజం ఉందంటే ఆయన అందరికీ చేతులెత్తి దండం పెట్టాడు.

సాయంత్రం కంపెనీ నుంచి సందేశం వచ్చింది. ఆయన తీసుకున్నది హద్దులేని ప్యాకేజీ. ఆ హద్దులేని ప్యాకేజీ హద్దు ఆయన దాటేశాడట. అందువల్ల వేగం తగ్గించారట. ఇది కొనసాగితే 'సముచిత వినియోగ విధానం' ప్రకారం నెలాఖరుకు కనెక్షన్ తీసేస్తారట. పైగా ఆయన భారీ వినియోగదారుడట.

నాగేంద్రప్రసాద్ ఆ మాట మూడుసార్లు చదివాడు. సుద్దముక్క గోటికి తగిలేదాకా రాసేవాడు. అర బకెట్ నీళ్లతో స్నానం. ఎవరింటికి పోయినా అరగ్లాసు టీ. ఏడుపు కూడా బడికి సెలవు ఉన్న రోజే. ఇన్నేళ్ల మితవ్రతం మీద ఎవరో బురద చల్లినట్టనిపించింది. మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని షర్క్‌లోని కంపెనీ ఆఫీసుకు బస్సెక్కాడు. దారి పొడవునా ఇంగ్లీషులో ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాడు.

అది వృథా అయింది. కౌంటర్లో ఉన్న వసీమ్‌ది కర్నూలు.

"సార్, ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కణ్నే."

వసీమ్ కంప్యూటర్ వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. "ఒగరు వాడేది కాదు సార్ ఇది. హోటల్ ఏమన్నా పెట్టినారా?"

"నేను రోజుకు అరగంట వార్తలు చూస్తాను. నెలకొక మాసికం."

"అట్లయితే మీ పాస్‌వర్డ్ ఊరంతా తెల్సు సార్. పాతిక ముప్పై ఫోన్లు తగులుకుంటాండాయి. అదీ శుక్రవారమైతే మరీ జాతర."

"శుక్రవారం" అన్నాడు నాగేంద్రప్రసాద్.

"పొద్దన్నించీ. ఇంటి లైను బయటోళ్లకు ఇయ్యగూడదు సార్, రూల్‌లో ఉండాది. పాస్‌వర్డ్ మార్చేయండి, ఖలాస్. రెండు నిమిషాల పని."

తిరుగు బస్సులో నాగేంద్రప్రసాద్‌కు ఒక్కొక్కటే తెలిసివచ్చింది. వంచిన తలల కింద ఒళ్లో ఫోన్లు ఉన్నాయి. కొమురెల్లి కళ్లు తుడుచుకున్నది తన తత్వానికి కాదు. ఐదు నెలలపాటు వైఫై కోసం వచ్చినవాళ్లకు ఆయన వైరాగ్యం బోధించాడు. బస్సులో నవ్వొచ్చింది. పక్కనున్న ఈజిప్టు ఆయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

నవ్వు ఆగాక అసలు సంగతి ముందుకొచ్చింది. పాస్‌వర్డ్ మారిస్తే మెట్లు ఖాళీ అవుతాయి. మార్చకపోతే నెలాఖరుకు లైను పోయి, అప్పుడూ ఖాళీ అవుతాయి. ఆ తర్వాత శుక్రవారాలు ఏం చేయాలో ఆయనకు తెలియదు. రమాదేవి ఉన్నప్పుడు శుక్రవారాలు సాల్మియాలో ట్యూషన్లు చెప్పేవాడు. ఆమె పోయాక అవి మానేశాడు.

వచ్చే శుక్రవారం అమావాస్య. ఆగిన కార్యాన్ని ఆరోజు పూర్తి చేద్దామన్నాడు పురోహితుడు. ఆ పొద్దున నాగేంద్రప్రసాద్ తలుపు తీశాడు. వేగం లేకపోయినా జనం వచ్చారు. అందరి ఒళ్లోనూ చక్రాలు తిరుగుతున్నాయి.

"అంకాలమ్మా," అన్నాడు మొదటి మెట్టు మీద ఉన్నామెతో, "ఈ పాస్‌వర్డ్ మీకెవరిచ్చారు?"

అంకాలమ్మ ఫోన్ కొంగు కింద పెట్టింది. తర్వాత దాచి లాభం లేదనుకుంది.

"అమ్మే ఇచ్చింది సార్. నేను పనిజేసే ఇంటామె, మా మామా, నెట్ ఇయ్యదు. మెట్ల మీద కూసోని పిల్లోళ్లతో మాట్లాడుకోండి, మా సార్‌కు మాత్రం చెప్పాకండి, చెప్తే పాఠం ఎత్తుకుంటాడు అనింది."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏం పాస్‌వర్డ్?" ఆయనకు అదీ తెలియదు. ఫోన్లో వైఫై పెట్టిచ్చింది రమాదేవే.

అంకాలమ్మ కొమురెల్లి వైపు చూసింది. కొమురెల్లి పైకప్పు వైపు చూశాడు.

"చెప్పు, ఫర్వాలేదు."

"అరగ్లాసు, సార్. ఇంగ్లీషు అక్షరాల్లో."

నాగేంద్రప్రసాద్ గోడకు ఆనుకున్నాడు. ఆయన పొదుపును ముప్పై మంది అక్షరం అక్షరం నొక్కి లోపలికి వస్తున్నారన్నమాట. ఇంతకాలం నవ్వును దాచుకుని తనకు టీ అందించిన రమాదేవి కళ్లముందు కదిలింది.

"అంటే మీరంతా నెట్ కోసమే వస్తున్నారు" అన్నాడు.

"అబద్ధమెందుకు సారూ," అన్నాడు కొమురెల్లి, "నెట్‌కే వస్తున్నం. అమ్మ ఉన్నప్పుడు గూడ నెట్‌కే వచ్చినం. మా బిడ్డ నడక నేర్చింది ఈ మెట్ల మీదికెంచే చూసిన. గని అమ్మ పోయిన్నాడు గూడ వచ్చినం సారూ. ఆ దినం ఎవ్వలం ఫోన్ తియ్యలే."

ఆ రోజు మెట్ల మీద ఎవరున్నారో నాగేంద్రప్రసాద్‌కు గుర్తు లేదు. ఏదో చెప్పబోయి గొంతు సవరించుకున్నాడు.

"గిప్పుడు పాఠం షురూ చెయ్యకుండ్రి," అన్నాడు కొమురెల్లి. "పంతులు ఫోన్ చేస్తుంటడు. మీ మాటలకు నెట్‌కంటే ఎక్కువ టైం పడ్తది."

నిజంగానే లోపల ఫోన్ మోగుతోంది. వెళ్లి పీట మీద కూర్చున్నాడు. పురోహితుడు నుదుటిదాకా కనిపించి ఆగిపోయాడు. చక్రం మొదలైంది.

బయటనుంచి అంకాలమ్మ గొంతు వినిపించింది. "అందరూ నెట్ ఆపేయండప్పా. అమ్మ కార్యం జరగతాండాది. నువ్వుగూడా ఆపు, సినిమా తర్వాత చూద్దువు. యల్లా, తొందరగా!"

కాసేపటికి తెరమీద పురోహితుడికి ముక్కు వచ్చింది, నోరు వచ్చింది, చివరకు ఆ నోరు కదిలింది.

"ఏం సార్, నీళ్లు వదిలినారా?"

"వదులుతున్నాను" అన్నాడు నాగేంద్రప్రసాద్.

కార్యం ముగిసేదాకా లైను తెగలేదు. చేయి తుడుచుకుని తలుపు తీసి చూశాడు. మెట్ల మీద అందరూ ఉన్నారు. చేతుల్లో ఏమీ లేక, ఎక్కడ చూడాలో తెలియక, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఆయన లోపలికి పోయి టీ పెట్టాడు. గ్లాసులు నిండా పోశాడు. ఒక ట్రేకు సరిపోక రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.

"సార్‌కు ఏమో అయింది" అంది అంకాలమ్మ.

మళ్లీ వారం వసీమ్ ఫోన్ చేశాడు. కంపెనీ తరఫున కాదు, కర్నూలు తరఫున. "మార్చినారా సార్? నెలాఖరు వచ్చేస్తాంది."

"సినిమాలు చూడొద్దని చెప్పాను. వంతులు వేశాను."

"వంతులు కాదు సార్, పాస్‌వర్డ్."

"రేపు మారుస్తాను" అన్నాడు నాగేంద్రప్రసాద్.

రెండు నిమిషాల పని. ఇంకా మార్చలేదు.