అడ్డంగా కొట్టిన గాడి

వంటగది గోడ నాలుగంగుళాలది. అందులో మూడంగుళాల లోతున, ఈ మూల నుంచి ఆ మూల దాకా అడ్డంగా గాడి కొట్టి వైరు పైపు పెట్టాడు తమ్ముడు. పైన, ఆ గోడ మీదే ఆనిన అటక. గాడి పూడ్చడానికొచ్చిన అన్న, తాపీమేస్త్రి, చూసి తాపీ కింద పెట్టేశాడు.

“నిలువుగా దించాలని, అడ్డంగా కొడితే గోడ తెగుద్దని తెలీదురా నీకు?”

“తెలుసన్నా. సూపర్‌వైజరే అడ్డంగా కొట్టమన్నాడు, పైపు కలిసొస్తుందంట. ఇప్పుడు గోడ విప్పాలంటే తప్పంతా నా మీదకే తోస్తాడు. రేపట్నుంచి గేటు తియ్యరు. ఆర్నెల్లు ఖాళీగా కూర్చున్నాక దొరికిన పనన్నా.”

ఎక్కడైనా గాడుల్లోకి పోయేది పూత పూస్తుంటే నేల మీద రాలిన సిమెంటు మాలే. ఊడ్చి, నీళ్లు చిలకరించి కుక్కేస్తారు. మేస్త్రి ఆ రోజు అలా చెయ్యలేదు. కొత్త సిమెంటు బస్తా విప్పించాడు.

“ఒకటికి మూడు కలుపు. ఇసుక జల్లించు” అన్నాడు భార్యతో.

“గాడికి ఇంత మర్యాదా? మన పెళ్లికి కూడా ఇంత ఖర్చు పెట్టలేదు నువ్వు!” నవ్వుతూనే ఆమె గాడిలో చెయ్యి పెట్టింది. నవ్వు పోయింది. “ఇది మాలుతో తీరేది కాదయ్యా. విరిగిన నడుముకి నూనె రాసినట్టే. విప్పించు.”

“మాలు గట్టిదైతే గోడా గట్టిదే. ఇరవై ఏళ్లుగా పూస్తున్నా, నాకు చెప్పకు.”

“ఇరవై ఏళ్లుగా కలుపుతున్నది నేను. పైన పటారం, లోన లొటారం.”

“ఈ ఒక్కసారికీ ఊరుకో వదినా” అన్నాడు మరిది, చేతులు జోడించి.

ఊరుకుంది. కలిపింది.

మేస్త్రి గాడిలో దుమ్ము దులిపాడు, తడిపాడు, మూడు విడతలుగా మాలు అదిమాడు, పైన ఇనప జాలీ కొట్టాడు. మూడు రోజులు నీళ్లు పట్టాడు. వెంట్రుకంత పగులు రాలేదు.

ఐదో రోజు, నేల ఖాళీ కావాలని సూపర్‌వైజర్ టైల్స్ పెట్టెలు అటక ఎక్కించాడు. కింద తమ్ముడు వైరు లాగుతున్నాడు. మాలు కదల్లేదు. దాని వెనక మిగిలిన అంగుళం ఇటుక విరిగింది. గోడ, అటక, పెట్టెలు, అన్నీ కుప్పగా కూలాయి.

బయటికి తీసేసరికి వాడిలో ప్రాణం లేదు. గాడిలో పోసిన మాలు మాత్రం చెక్కుచెదరకుండా, బారెడు ముక్కగా, వాడి పక్కనే పడుంది.

సూపర్‌వైజర్ దాన్ని బూటుతో దొర్లించాడు.

“మాలు ఏం కలిపావ్ మేస్త్రీ?”

మేస్త్రి తమ్ముడి మొహమ్మీద దుమ్ము తుడుస్తున్నాడు. భార్య లేచింది.

“ఒకటికి మూడు. తన్ని చూడు, నీ కాలే విరుగుద్ది. అడ్డంగా కొట్టమన్నదెవరో అదడుగు.”

“నోరు మూసుకో!”

“మొన్న మూసుకున్నా. అదిగో, పడున్నాడు.”

పక్క గదిలో ఇంకో అడ్డగాడి పూడ్చాల్సి ఉంది. తట్టల్లో మాలు కలిపే ఉంది. సూపర్‌వైజర్ అరిచాడు. కూలీల్లో ఒక్కరూ తట్ట ఎత్తలేదు. సాయంత్రానికి మాలు తట్టల్లోనే బిగిసిపోయింది.