హార్లన్ బ్రిగ్స్ ఆరో తూటా

హార్లన్ బ్రిగ్స్‌ను నాశనం చేయడానికి నేను పదకొండు నెలలు కష్టపడ్డాను. కాలేజీ చదువుకు అందులో పదోవంతు కష్టపడి ఉంటే ఈపాటికి వయోమింగ్ గవర్నర్‌ని అయ్యుండేదాన్ని.

ముందు మా రివాల్వర్ల సంగతి చెప్పాలి. మా క్లబ్బులో అందరివీ పాతకాలపు రకాలే. ప్రతి గుండుకూ బొటనవేలితో వెనకాల ఉన్న సుత్తిని లాగితే తప్ప ట్రిగ్గర్ పనిచేయదు. లాగేటప్పుడు నాలుగుసార్లు టక్కుమంటుంది. ఆ నాలుగు చప్పుళ్ళ కోసం నేను అన్నం మానేస్తాను. ఒకసారి పెళ్ళి సంబంధం కూడా మానేశాను, కుర్రాడి దగ్గర తుపాకీ ఒక్కసారే టక్కుమనేదని. ఇప్పటి తుపాకులు నువ్వు తుమ్మేలోపు ఇరవై గుండ్లు పేల్చేస్తాయి. మాది మాత్రం ప్రతిసారీ ఆగి, "నిజంగానే కాలుస్తావా?" అని అడుగుతుంది. నల్ల తుపాకిమందు పొగ లేచి, కుళ్ళిన గుడ్ల వాసన కొట్టి, ఎదురుగా ఇనుప పలక ఠంగుమంటే ఇక ఆ వారమంతా ఎవరేం తిట్టినా నాకు వినపడదు.

దాంట్లో ఆరు గదులుంటాయి. మేం ఐదే నింపుతాం. ఖాళీ గది మీద సుత్తిని వాలుస్తాం. ఆరూ నింపితే సుత్తి నేరుగా తూటా మీద ఆని ఉంటుంది. తుపాకీ దేనికైనా గట్టిగా తగిలిందా, సొంత తొడలోకే పేలుతుంది. అందుకే "ఒకటి పెట్టు, ఒకటి వదులు, నాలుగు పెట్టు" అనుకుంటూ నింపుతాం. మా ఇంట్లో నేను అమ్మా అనడానికి ముందే ఈ ముక్క అన్నానట.

నేర్పింది నాన్నే. పేరు ఆర్విల్. క్లబ్బులో ఇరవయ్యారేళ్ళు కొత్తవాళ్ళకు జాగ్రత్తలు నేర్పింది ఆయనే. అలాంటి మనిషి పోయినేడు పోటీలో ఐదూ కాల్చి, తుపాకీ ఖాళీ చేస్తుంటే, ఐదు ఖాళీ తూటా గొట్టాల వెనకాల ఒక నిండు తూటా బల్ల మీద పడింది. ఆరోది. జనం ముందు పోటీ నుంచి తీసేశారు. నేర్పే పనీ పోయింది. ఆ పనీ, ఆ ఏటి కప్పూ హార్లన్‌కు వెళ్ళాయి. నాన్న తుపాకీని బీరువాలో పెట్టి, క్లబ్బు ఉన్న రోడ్డు మీదుగా వెళ్ళడం కూడా మానేశాడు. పాలకు వెళ్ళాలన్నా పన్నెండు మైళ్ళు చుట్టూ తిరిగేవాడు.

"తప్పు నాది. పెట్టింది నా చెయ్యి," అనేవాడు. అంతే.

నేను ఒప్పుకోలేదు. తూటాలు నింపే బల్ల దగ్గర ఒకరు నిలబడి, నింపేవాళ్ళ చేతులే చూస్తూ ఉండాలి. తప్పు జరిగితే ఆపాలి. ఆ రోజు అక్కడ నిలబడింది హార్లన్. నాన్న మొదటి తూటా పెట్టగానే, "ఆర్విల్, మీ ఆవిడ మోకాలు ఎలా ఉంది?" అని అడిగాడు. నింపేవాడితో మాట్లాడకూడదని మా దగ్గర కుక్కలకు కూడా తెలుసు. ఇక నాన్న సంగతా, మోకాలని అడిగితే మడమ దాకా చెప్పి గానీ ఆగడు. చెబుతూ చెబుతూ ఖాళీ కనిపించిన ప్రతి గదీ నింపేశాడు. నేను వెనకాల వరసలోనే ఉన్నాను. హార్లన్ కళ్ళు నాన్న వేళ్ళ మీదే ఉన్నాయి. "బాగుంది, వెళ్ళు," అన్నాడు.

ఇది చెబితే ఎవరూ నమ్మలేదు. "నువ్వా? చర్చి గంటకు ఆవు గంట కట్టినదానివి కదూ!" అన్నారు. అది నిజమే.

అందుకే ఈ ఏడు ఆ బల్ల కాపలా పని నేనే అడిగి తీసుకున్నాను. ఎండలో నిలబడి పరాయివాళ్ళ వేళ్ళు చూసే పని ఎవరికీ అక్కర్లేదు. పోటీ నడిపే ఓపల్ అనే పెద్దావిడ నన్ను కిందా మీదా చూసింది.

"ఏంటే కాసిడీ, ఒంట్లో బాగుందా?"

"సేవ చేయాలనిపించింది, ఓపలమ్మా."

"జ్వరమేమో చూపించుకో."

హార్లన్ వచ్చాడు. వెండి బకిల్, మీసానికి మైనం, నడుముకు తూటాల బెల్టు. సుత్తిని సగం లాగి, పక్క మూత తెరిచి, మొదటి తూటా పెట్టాడు.

"హార్లన్ అంకుల్, మీ తుపాకీలో స్ప్రింగు మార్పించారటగా? వెన్నలా ఉంటుందంటున్నారు!"

మీసం లేచింది. "వెన్నేంటమ్మాయ్! పసిపిల్ల లాగినా వచ్చేస్తుంది. షయెన్ పట్నంలో ఒక ముసలాయన ఉన్నాడు, చూపు ఆనదు, చేత్తో తడిమే చేస్తాడు..."

వదలాల్సిన రెండో గదీ నిండింది. మూడు. నాలుగు.

"చూపు ఆనకుండానే?"

"అదే కదా! నేనడిగితే ఏమన్నాడో తెలుసా?"

ఐదు. ఆరు. ఇక ఖాళీ గది లేదు. మూత వేసి, సుత్తి వాల్చి, ఒరలో పెట్టాడు. నా పని ఆ క్షణానే ఆపడం.

"బాగుంది, వెళ్ళండి," అన్నాను.

కాల్చే చోటు వైపు నడిచాడు. లెక్కపెట్టాను. ఒక్కో అడుక్కీ ఆ తుపాకీ తొడ మీద ఊగుతోంది. పదకొండో అడుగు దగ్గర కంచె స్తంభం పక్కకు వచ్చాడు. దానికి తగిలితే? నాకు తెలియకుండానే అరిచేశాను.

"ఆగండి! ఒర మీద చెయ్యి వేయొద్దు! ఆరు నింపాడు!"

నలభై టోపీలు ఒకేసారి తిరిగాయి. ఓపల్ వచ్చి, జాగ్రత్తగా తుపాకీ తీయించి, బల్ల మీద ఒక్కో తూటా రాల్పించింది. ఆరోది దొర్లుకుంటూ వెళ్ళి అంచున ఆగింది.

హార్లన్ మొహం బీట్‌రూట్‌లా ఎర్రబడింది. "చూస్తూ నిలబడింది! కావాలనే మాటల్లో పెట్టి, చూసి కూడా నడవనిచ్చింది, దొంగ పీనుగ!"

"మోకాలు ఎలా ఉంది అంకుల్?" అన్నాను.

"నోర్ముయ్! మీ నాన్నను నేను ఇలా మందిలో అరిచి పట్టిచ్చానా? నోరు మూసుకుని వెళ్ళనిచ్చాను కదా!"

మా దగ్గర గాలి ఆగడం నేను పుట్టాక చూడలేదు గానీ, ఆ మాటకు అది కాస్త నెమ్మదించిందనే నా అనుమానం.

"ఏమన్నావ్ హార్లన్?" అంది ఓపల్. "మళ్ళీ చెప్పు."

హార్లన్ వెండి బకిల్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఓపల్ అతని పేరు కొట్టేసింది. పోటీ నుంచి, నేర్పే పని నుంచి, క్లబ్బు నుంచి. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వు కూడా. ఏడాదిపాటు గేటు లోపల కనిపించకు. వాడి కాలు పోయి ఉంటే?"

"పోలేదుగా, ఓపలమ్మా."

"రెండేళ్ళు."

నేను ఇంటికి చేరేసరికి ఓపల్ ఫోన్ వచ్చేసింది. నాన్న వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఎన్ని అడుగులు నడవనిచ్చావ్?"

"పదకొండు."

"నీకు నేను నేర్పింది ఇదా? వాడెలాంటి వాడైనా సరే, సుత్తి కింద తూటాతో మనిషిని ఒక్క అడుగు వేయనిస్తామా? నీ తుపాకీ ఇటు తే."

ఇచ్చాను. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ బీరువాలో తన తుపాకీ ఉండే చోటు ఖాళీగా ఉంది. అప్పటికే బయటకు తీసి, నూనె రాసి, బల్ల మీద పెట్టుకున్నాడు.

మళ్ళీ ఉల్లిపాయల దగ్గరకు వెళ్ళాడు. నేను గదిలోకి వెళ్ళబోయాను.

"కాసీ."

"ఆఁ."

"ఆరోది పడ్డప్పుడు వాడి మొహం ఎలా ఉంది?"

నేను వెనక్కి వచ్చాను.

"కూర్చో," అన్నాడు, కుర్చీని కాలితో నా వైపు తోస్తూ. "మొదటి నుంచీ చెప్పు. తొందరపడకు, ఏదీ వదలొద్దు."

చెప్పాను. మీసం లేచిన దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాడు.