బ్రేకు పంపుకు బొట్టు

"బ్రేకు తొక్కరాని ఆడిదానికి నంబరెందుకే కమలా?" అన్నాడు ఎల్లస్వామి, అందరూ వినేలా.

వరంగల్ నుంచి నర్సంపేట పోయే బండ్ల అడ్డాకు అతనే పెద్ద. నంబరు ప్రకారమే బండి కదలాలి. నాది మూడో నంబరు. ఆ రోజు నా డీజిల్ కారు బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్లతో తొక్కితే గానీ బండి ఆగలేదు.

"నీ కాళ్లల్ల బలం లేదు బిడ్డా. శనివారం నుంచి నీ నంబరు ఇంకోనికిస్త."

నంబరు పోతే మా పొయ్యి వెలగదు. అయినా ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా ఈ కాలితోనే తొక్కుతున్నాను. ఇవాళే ఆడకాలైందా? తీరా చూస్తే, పెడల్ తేలిగ్గా దిగడానికి గాలి పీల్చే పంపు అరిగిపోయింది. మెకానిక్ వారం ఆగమన్నాడు. నేనాగలేదు. కొత్త పంపు తెచ్చి శుక్రవారం పొద్దున్నే వాకిట్లో బానెట్ ఎత్తాను.

పాతది విప్పానో లేదో, మా అమ్మ మొగిలమ్మ పసుపు కుంకుమలతో వచ్చింది.

"కొత్త సామాను బొట్టు లేకుంట బిగిస్తవా?"

పంపు ఇంజిన్‌కు ఆనే ముఖానికే దండిగా పూసింది. నేనూ దండం పెట్టి బిగించాను. ఇంజిన్ స్టార్ట్ చేయగానే అతుకు దగ్గర కుంకుమ కలిసిన ఎర్రటి ఆయిల్ కారింది. మా భక్తి అంతా రబ్బరు రింగు కింద రవ్వలు రవ్వలుగా ఇరుక్కుంది.

"అపశకునమే! అమ్మెయ్యి బండిని."

"అమ్మి ఏం తోలాలె, నీ పసుపు డబ్బానా?"

మళ్లీ విప్పాను. శుభ్రంగా తుడిచి, కొత్త రింగు వేసి బిగించాను. అమ్మ ఈసారి స్టీరింగ్‌కు బొట్టు పెట్టింది. చుక్క ఆయిల్ కారలేదు. సాయంత్రం దాకా గల్లీలో తోలి, ఆపి, మళ్లీ తోలి చూశాను.

శనివారం అడ్డాలో ఎల్లస్వామి కారుకు అడ్డంగా నిలబడ్డాడు. నేను ఇంజిన్ ఆపి దిగాను.

"నువ్వే కూసొని తొక్కు మామా."

ఇంజిన్ ఆగి ఉంటే పంపు పనిచేయదు కదా, నాలుగుసార్లు తొక్కేసరికి పెడల్ బిగుసుకుంది. "కాలు తియ్యకు" అని కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను. ఇంజిన్ అందుకోగానే పెడల్ అతని కాలి కింద మెత్తగా దిగింది.

"పాడైంది పంపు మామా, నేను గాదు. మందిల ఇజ్జత్ తీసినవ్."

అతను మెల్లగా దిగాడు. "సరే తియ్, రేపటి నుంచి రా."

"రేపెందుకు? ఇయ్యాల గూడ నంబరు నాదే."

జవాబు కోసం ఆగలేదు. "నర్సంపేట! నర్సంపేట!" అని నేనే కేకేసి వెనక డోరు తీశాను.