అల్లుడు అలిగిన లెక్క

ముందుగా ఒక మాట. ఒత్తులు, దీర్ఘాలు నాకింకా పూర్తిగా లొంగలేదు. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. మనవరాలు దిద్దింది. అయినా తప్పులు కనిపిస్తే మన్నించి చదవండి. గంగ నాకు చెప్పుకున్నది, నేను పక్కన కూర్చుని చూసినది కలిపి రాశాను.

రోబో వస్తోందంటే మనిషిలా నడిచి వస్తుందనుకున్నారు షెడ్డులో ఆడవాళ్లంతా. తీరా జీపులోంచి నలుగురు పట్టి దించింది ఒక్క చెయ్యి. తెల్లగా, భుజం నుంచి మణికట్టు దాకా మూడు చోట్ల వంగే ఇనుప చెయ్యి.

"ఏటీ, చెయ్యేనా? మిగతా మనిసేడీ?" అంది కృపావతి.

"మిగతాది ఇంకో జీపులో వస్తాదేమోలే," అంది అచ్చియమ్మ. అందరూ పగలబడి నవ్వారు. గంగ మాత్రం నవ్వలేదు. ఆమె చూపు దాని వేళ్ల మీద ఉంది. దానికి వేళ్లు లేవు. వేళ్లుండాల్సిన చోట నాలుగు రబ్బరు గిన్నెలున్నాయి.

గంగ ఆ విస్తరాకుల సంఘానికి పెద్ద. అరకు సంతకు వెళ్లే దారిలో రేకుల షెడ్డు, పన్నెండు మంది ఆడవాళ్లు, ఒక ప్రెస్సు. అడవి నుంచి తెచ్చిన అడ్డాకులను వెదురు పుల్లలతో గుండ్రంగా కుట్టి, కింద అట్ట పెట్టి, వేడి ప్రెస్సులో అదిమితే పళ్లెం తయారవుతుంది. కుట్టడం అందరికీ వచ్చు. చిక్కంతా ప్రెస్సు దగ్గరే. ఆకు చేత్తో పెట్టాలి, పెడలు కాలితో తొక్కాలి. తొక్కితే పై అచ్చు కాలుతూ దిగుతుంది. చెయ్యి తీశాక కాలు తొక్కాలని అందరికీ తెలుసు. కానీ ఆకు అంచు మడత పడితే, దాన్ని సవరించమని చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు, అదే వెళ్లిపోతుంది. మూడేళ్ల కిందట గంగ చెయ్యి అలాగే వెళ్లింది. కాలు అప్పటికే తొక్కేసింది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు సగానికి పోయాయి. ఇప్పుడామె బొటన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య పెన్ను ఇరికించి సంతకం పెడుతుంది.

ఆ ప్రెస్సు దగ్గర ఇప్పుడు కూర్చునేది గంగ కూతురు సోని. ఇరవై ఏళ్ల పిల్ల, చెయ్యి మెరుపు. ఇంకెవరిని కూర్చోబెట్టినా సగం పళ్లేలు కూడా కావు. రోజూ పొద్దున్న షెడ్డు తలుపు తీస్తూ గంగ ఒకటే పాట.

"గుంటా, మడతడితే పడనీ. ఒక ఆకు పోతే పోనాది. సెయ్యెట్టకు."

"అబ్బబ్బా, ఎన్నిసార్లు సెప్తావమ్మా! నా సెయ్యి లోనకెల్లదు. నీకలగ పరాకు నాకు నేదు."

ఆ మాటకు గంగకు ఒళ్లు మండేది. పరాకుతో వేళ్లు పోలేదు, పనితో పోయాయి. అది ఈ పిల్లకు ఎలా చెప్పాలో తెలిసేది కాదు. అందుకే మండలం మీటింగులో ఆఫీసువాళ్లు, ఏదైనా ఒక చిన్న యూనిట్‌లో పది రోజులు రోబోను పెట్టి చూస్తామని అనగానే, అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఎత్తింది ఆ వేళ్లు పోయిన చెయ్యే.

రోబోతో పాటు విశాఖపట్నం నుంచి సురేష్ అనే ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. కానీ లాప్‌టాప్ తెరిచాడంటే ఎదుటి మనిషి కనబడడు.

"దీన్ని కోబాట్ అంటారమ్మా. మామూలు రోబోలకు చుట్టూ కంచె వేయాలి. దీనికి అక్కర్లేదు. మనుషుల పక్కనే పనిచేస్తుంది. ఎవరైనా తగిలితే టక్కున ఆగిపోతుంది. ప్రెస్సుకి కూడా వైరు కలిపాను. ఇది ఆకు పెట్టి పక్కకు జరిగితేనే అచ్చు దిగుతుంది. ఇది ఆగితే ప్రెస్సు కూడా ఆగుతుంది. మీలాంటి చిన్న యూనిట్లకు దీని బిజినెస్ కేస్ చాలా బలంగా ఉంటుంది."

"కేసేటి బాబూ? మేం ఎవల్నీ ఏం సెయ్యనేదే," అంది కృపావతి.

సురేష్ ఓపిగ్గా చెప్పాడు. కొనడం వల్ల లాభం ఉందా లేదా అని లెక్కగట్టి చూపించే కాగితమట. ఆ కాగితం బాగుంటే ఆఫీసు రోబోను ఇక్కడే ఉంచుతుంది. లేకపోతే తీసుకుపోతుంది.

మొదటి రోజు సాయంత్రం దాకా అది ఒక్క ఆకు కూడా ఎత్తలేదు. రబ్బరు గిన్నెలు గాలి పీల్చి ఆకును పట్టుకోవాలి. కుట్టిన ఆకుల సందుల్లోంచి గాలి పోతోంది. సురేష్ ఫోన్లో ఎవరితోనో ఇంగ్లీషులో రెండు గంటలు మాట్లాడాడు, చెమటలు తుడుచుకున్నాడు. చివరికి అచ్చియమ్మే లేచి, నాలుగు గిన్నెలూ ఆనే చోట వెడల్పాటి ఆకు ఒక్కటే వచ్చేలా కుట్టి ఇచ్చింది. ఎత్తింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మా!" అన్నాడు సురేష్.

"నువ్వు ఫోన్ని అడిగినావు గానీ మమ్మల్ని అడిగినావేటి?" అంది అచ్చియమ్మ.

రెండో రోజుకు దానికి పేరు పడింది. అల్లుడు. ఇల్లరికం వచ్చిన అల్లుడిలా అన్నీ దగ్గరికి అందించాలి. ఆకు కొంచెం వంకరగా ఉన్నా ముట్టుకోడు. ఎవరి మోచెయ్యి తగిలినా ఎర్ర దీపం పెట్టుకుని అలిగి కూర్చుంటాడు. సురేష్ వచ్చి బొత్తాం నొక్కి బతిమాలితే గానీ కదలడు. షెడ్డు చూస్తే ఇరుకు. ఆకుల కట్టతో పోతూ ఒకరు తగిలేవారు, నీళ్ల చెంబు అందుకోబోయి ఒకరు తగిలేవారు. కృపావతి అయితే కావాలనే చిటికెన వేలితో తాకి, "ఓలమ్మో, మా అల్లుడికి కోపమొచ్చీసింది!" అని పారిపోయేది.

గంగ ఒక పక్క ఆడవాళ్లను తిట్టలేక, ఇంకో పక్క సురేష్ ముఖం చూడలేక సతమతమైపోయింది. కార్తీక మాసం సమారాధనలకు సరుకు అందాలి. పళ్లేల దొంతర మాత్రం పెరగడం లేదు. పైగా సోని మూతి ముడుచుకుని అల్లుడికి ఆకులందిస్తూ నిలబడింది.

"దీనికంటే నానే బేగి సేత్తాను. ఎందుకమ్మా ఈ గోల?" అంది.

"నువ్వు నోర్ముయ్," అంది గంగ.

ఏడో రోజు మధ్యాహ్నం సురేష్ గంగను పిలిచి కుర్చీ వేశాడు. లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు, అదేదో ఆమెకు అర్థమైపోతుందన్నట్టు.

"చూడండమ్మా. ఏడు రోజుల్లో యాభై ఎనిమిది సార్లు ఆగింది. ఇలా అయితే నేనేం రాయను? మీవాళ్లే దీన్ని ఫెయిల్ చేస్తున్నారు. నేను ఎలాగోలా సర్దుతాను. మీరు ఇక్కడ సంతకం పెట్టండి."

గంగ కాగితం దగ్గరికి లాక్కుని, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ మెల్లగా చదివింది. సురేష్ రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

"బాబూ, ఇక్కడ 'తగ్గే కార్మికుల సంఖ్య' అనుంది. మూడు అని నువ్వేసినావు. ఆ ముగ్గురూ ఎవలు?"

"ఎవరూ కాదమ్మా. అది లెక్క కోసం. మనుషులు తగ్గితేనే కదా లాభం కనబడేది. ముగ్గురి కూలీ మిగిలితే ఇన్ని నెలల్లో రోబో ఖర్చు తిరిగొస్తుందని చూపించాలి. పోనీ ఉత్పత్తి పెరుగుతుందని రాద్దామా అంటే యాభై ఎనిమిది సార్లు ఆగింది."

"నాను మనుసుల్ని తగ్గించమని అడగనేదు."

"మరి రోబో ఎందుకు కావాలన్నారమ్మా?"

ఏడు రోజుల్లో అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. గంగ కుడిచెయ్యి తీసి లాప్‌టాప్ పక్కన, బల్ల మీద పెట్టింది. ఏడు రోజులుగా ఆ చేత్తోనే అతనికి టీ గ్లాసు అందిస్తోంది. సురేష్ అప్పుడు చూశాడు. చూసి, చూపు గ్లాసు వైపు తిప్పుకున్నాడు.

"ప్రెస్సులోనా?"

"ప్రెస్సులోనే. ఇప్పుడక్కడ మా గుంట కూకుంటంది. దాని సెయ్యి దాని కాడుండాలని ఈ అల్లుడ్ని రమ్మన్నాను. నీ కాయితంలో దానికి గడేదీ?"

"అలాంటి కాలమ్ లేదమ్మా."

గంగకు విసుగు నషాళానికి అంటింది. లేవబోయి మళ్లీ కూర్చుంది.

"పోనీ ఇది సెప్పు. అలిగినప్పుడల్లా ఈ లాప్‌టాప్‌లో రాసుకుంటాదన్నావు కదా. ఎక్కడుండగా అలిగినాడో కూడా రాసుకుంటాడా?"

"రాసుకుంటుంది. టైము, చెయ్యి ఏ చోట ఉంది, అన్నీ ఉంటాయి."

"అచ్చు మీదుండగా ఎన్నిసార్లు? నీళ్ల సెంబులు, కృపావతి ఏసాలు తీసీ."

సురేష్ ఏవో మీటలు నొక్కాడు. కాసేపు చూశాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఈసారి అతని గొంతు తగ్గింది.

"పదకొండు."

"అంటే?"

"ఇది ఆకు పెడుతున్నప్పుడు ఎవరిదో చెయ్యి అచ్చులోకి వెళ్లి దీనికి తగిలింది. పదకొండు సార్లు."

"ఆకులందించేది ఇద్దరే. పొద్దుటేల సోని, మద్దేనం నుంచి అచ్చియమ్మ. పొద్దుటివెన్ని?"

"తొమ్మిది."

గంగ తల తిప్పి కూతుర్ని పిలిచింది. కేక వేయలేదు. మామూలుగానే పిలిచింది. సోని చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"గుంటా, ఈ ఏడ్రోజుల్లో అచ్చులో సెయ్యెట్టినావా?"

"నేదు."

"ఒక్కసారి కూడా?"

"నేదంటే నేదమ్మా! ఎన్నిసార్లు సెప్పాల?"

"బాబూ, సదువు."

సురేష్ చదివాడు. మంగళవారం తొమ్మిదీ పది. మంగళవారం పదీ నలభై. బుధవారం ఎనిమిదీ యాభై అయిదు. సోని మొదట నవ్వబోయింది. గురువారం దగ్గర ఆపింది. తొమ్మిది చదివేసరికి తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది. ఆ పిల్ల అబద్ధం ఆడలేదు. గంగకు అది తెలుసు. మూడేళ్ల కిందట ఆసుపత్రిలో డాక్టరు, చెయ్యి ఎందుకు పెట్టావని అడిగితే, తను కూడా పెట్టలేదనే చెప్పింది.

"నాకు తెల్దమ్మా," అంది సోని. "నిజంగా తెల్దు."

అచ్చియమ్మ దూరం నుంచి, "మిగతా రెండూ నాయేనేటే?" అని తన చేతులు తనే తిప్పి చూసుకుంది. ఎవరూ నవ్వలేదు.

గంగ కాగితం తీసుకుంది. మూడు మీద అడ్డంగా గీత కొట్టి సున్నా పెట్టింది. కింద ఖాళీలో, ఉంగరపు వేలితో పెన్ను బిగించి రాయడం మొదలుపెట్టింది. 'ఏడు రోజుల్లో పదకొండు సార్లు చెయ్యి లోపలికి వెళ్లింది. ప్రెస్సు దిగలేదు.' ఆ రెండు వాక్యాలకు చాలాసేపు పట్టింది. సురేష్ ఈసారి వాచీ చూసుకోలేదు.

"ఆఫీసువాళ్లు ఒప్పుకుంటారని చెప్పలేనమ్మా," అన్నాడు. "మిగతా మూడు రోజులూ అయ్యాక దీన్ని తీసుకుపోవాలి. ఉంచేదీ లేనిదీ తేలడానికి నెలలు పడుతుంది."

"ఆ నెలలన్నీ మా గుంట మళ్లీ పెడలు తొక్కాలన్నమాట."

సురేష్ లేచి ప్రెస్సు దగ్గరికి వెళ్లాడు. వంగి పెడలు చూశాడు, వెనక తలుపు తీసి వైర్లు చూశాడు. తిరిగొచ్చి, చెప్పడానికి మొహమాటపడుతున్నట్టు అన్నాడు.

"పెడలు తీసేసి రెండు బొత్తాలు పెట్టొచ్చమ్మా. అటొకటి, ఇటొకటి, దూరంగా. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కి పడితేనే అచ్చు దిగుతుంది. ఏ చెయ్యి తీసినా ఆగిపోతుంది. దానికి కావాల్సిన సామాను చాలావరకు నా పనిముట్ల పెట్టెలోనే ఉంది. రెండు రోజుల పని."

గంగ అతని వైపు అలాగే చూసింది.

"రెండు బొత్తాలా."

"అవును."

"ఈ ముక్క నీకు మొదటి రోజు తెల్దా?"

"తెలుసు. కానీ నన్ను పంపింది రోబో కోసం. ప్రెస్సు గురించి ఎవరూ అడగలేదు."

"ఏడ్రోజులు!" గంగ లేచి నిలబడింది. "ఏడ్రోజులు నీకు టీలు పోసినాం. అల్లుడికి ఆకులు మోసినాం. ఎంతమందిని తీసెయ్యాలో లెక్కేసినావు గానీ, ప్రెస్సు కేసి ఒక్కసారి వొంగి సూడనేదు. నా ఏళ్లు పోయి మూడేళ్లయినాది. ఆ ప్రెస్సు అమ్మినోడు సెప్పనేదు, బాగు సేసినోడు సెప్పనేదు. ఎవులేనా ఒక్కడు సెప్తే ఏటి పోనాది బాబూ?"

సురేష్ పనిముట్ల పెట్టె తెరిచాడు. స్క్రూడ్రైవరు తెచ్చుకుని ప్రెస్సు ముందు నేల మీద కూర్చున్నాడు.

పదో రోజు సాయంత్రం అల్లుడిని జీపెక్కించారు. కృపావతి వెళ్లి చివరిసారి చిటికెన వేలితో తాకింది. కరెంటు లేదు కాబట్టి అలగలేదు. సంతకం పెట్టిన కాగితం సురేష్ తన సంచిలో పెట్టుకున్నాడు. గంగ రాసిన రెండు వాక్యాల కింద అతను ఇంగ్లీషులో ఇంకో నాలుగు వరుసలు చేర్చాడు. దాని మీద ఆఫీసు నుంచి ఇంతవరకు కబురు రాలేదు.

మర్నాడు పొద్దున్న సోనిని పక్కకు జరిపి గంగే ప్రెస్సు ముందు కూర్చుంది. ఆకు పెట్టింది. అంచు మడత పడింది. రెండు చేతులూ బొత్తాల మీద వేసింది, వేళ్లున్నదీ, లేనిదీ. అచ్చు దిగడం మొదలైంది. సగం దారిలో ఆమె కుడిచెయ్యి, ఆమెను అడక్కుండానే, మడత వైపు లేచింది.

ప్రెస్సు ఆగిపోయింది.

"సూసినావా," అంది గంగ, ఎవరినో తిడుతున్నట్టు. లేచి కూతురికి పీట ఇచ్చింది. "కూకో. బేగి కానీ, సమారాధనలోళ్లు ఫోన్ మీద ఫోన్ సేత్తన్నారు."

— వంతాల అచ్చియమ్మ, అరవై రెండేళ్లు. అప్పట్లో ఆ షెడ్డులో ఆకులు కుట్టేదాన్ని. ఇప్పుడు టైడాలో కూతురి దగ్గర ఉంటున్నాను.